జైలు గోడ లోపల ప్రాణానికి పూచీ ఎవరిది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు వాళ్ళు నా నుంచి ఆశించింది 'లక్ష్యసాధన' మీద రెండు పేజీలు. పీజీ దాకా వచ్చిన సీనియర్ అలాంటివే రాయాలి కాబోలు. లక్ష్యాల గురించి రాసేవాళ్ళు ఈ సంచికలో ఇంకా చాలామంది ఉంటారు. నేను మాత్రం జైలు గురించి రాస్తున్నాను. పండగ పూట జైలు గొడవ ఏమిటని వార్డెన్ సార్ అనుకుంటే మన్నించాలి.

నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా మా చిన్నాయన పొలం గట్టు తగాదాలో అరెస్టయ్యాడు. రెండు వైపులా కట్టెలు లేచాయి, రెండు వైపులా తలలు పగిలాయి, రెండు వైపులా కేసులు పెట్టారు. కోర్టులో హాజరుపరిచి సబ్‌జైలుకు రిమాండ్ చేశారు. అది ఏ ఊరి జైలో ఇక్కడ అనవసరం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి వకీలును కలవడం, జామీనుదారుల పాసుపుస్తకాలు సేకరించడం, కోర్టు మెట్ల మీద కాపలా కాయడం అన్నీ నా నెత్తిన పడ్డాయి. పంతొమ్మిదో రోజున బెయిల్ వచ్చింది. బయటికొచ్చిన మనిషితో నేను మాట్లాడబోతే, "కుడి పక్కకు రా నాయనా, ఆ చెవ్వు ఇనపడదు" అన్నాడు.

లోపల పాత ఖైదీలు ముగ్గురు కొట్టారట. మొదటి రోజే ఊరేది, కులమేది అని అడిగి, చెప్పగానే చీపురు చేతికిచ్చి మరుగుదొడ్డి వైపు చూపించారట. చిన్నాయన చీపురు పట్టలేదు. ఆ రాత్రి దుప్పటి కప్పి కొట్టారు. ఆ తర్వాత మా చిన్నమ్మ ములాఖత్‌కు వెళ్ళినప్పుడల్లా ఐదొందలో వెయ్యో తెమ్మని చెప్పించారు. ఆమె కూలి డబ్బుల్లోంచి తెచ్చి ఇచ్చింది. అందులో కాపలావాళ్ళ వాటా ఎంతో దేవుడికెరుక.

నన్ను అన్నిటికంటే కలచివేసింది ఇంకొకటి ఉంది. పద్నాలుగో రోజున రిమాండ్ పొడిగించడానికి వీడియోలో హాజరుపరిచారు. "ఏమైనా ఇబ్బంది ఉందా? ఎవరైనా కొట్టారా?" అని జడ్జిగారు అడిగారట. "లేదు సార్" అన్నాడట మా చిన్నాయన. ఎందుకలా చెప్పావని నేను కోపం చేశాను. "చెప్తే? మల్లా ఆ గదిలేకే గదా నేను పోవాల్సింది" అన్నాడు. నా డిగ్రీ చదువుకు దానికి జవాబు తెలియదు. ఆ జవాబు కోసమే ఈ రెండు మూడేళ్ళుగా దొరికిన పుస్తకం, దొరికిన తీర్పు చదువుతున్నాను. చదివినదాంట్లో మనకు పనికొచ్చేది ఇక్కడ రాస్తాను.

ముందుగా మన కామన్ రూములో టీవీ ముందు కూర్చున్నప్పుడు వినిపించే మాట ఒకటుంది. "తప్పు చేసి జైలుకు పోయినోడికి రక్షణేందిరా? నాలుగు తగిలితేనే బుద్ధొస్తది." నేను కూడా అన్నాను ఆ మాట. లోపల మనవాడు ఉన్నప్పుడే అది తప్పని తెలిసింది. అందుకు సిగ్గుపడుతున్నాను కూడా.

తప్పు చేసినవాడే లోపల ఉంటాడన్నది నిజం కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 సంవత్సరానికి ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. ఆ జైళ్ళు కట్టింది 4,36,266 మందికి. వంద మంది పట్టేచోట 131 మందిని పెట్టారన్నమాట. వాళ్ళలో ఐదుగురికి ఒకరు మన ఎస్సీలే. డబ్బున్నవాడు సాయంత్రానికి బెయిల్ తెచ్చుకుంటాడు. జామీనుకు సెంటు భూమి లేనివాడు లోపలే ఉండిపోతాడు. కాబట్టి "జైల్లో ఉన్నోడు" అని మనం అనేటప్పుడు ఎవరి బంధువుల గురించి అంటున్నామో కాస్త చూసుకోవాలి.

సరే, నేరం రుజువైనవాడి సంగతేమిటి? కోర్టు అతనికి వేసిన శిక్ష ఏడేళ్ళ జైలు అనుకుందాం. ఏడేళ్ళ జైలు, అదనంగా ఒక చెవి అని తీర్పులో రాసి ఉండదు. ఉరిశిక్ష పడినవాణ్ణి కూడా తోటి ఖైదీ చంపే హక్కు లేదు, వార్డర్ కొట్టే హక్కు లేదు. శిక్ష అంటే స్వేచ్ఛ పోవడం, అంతవరకే.

ఇంకో కోణం చూడండి. బయట ఉన్నవాడికి ప్రమాదం వస్తే పరుగెత్తుతాడు, తలుపేసుకుంటాడు, నలుగుర్ని పిలుస్తాడు, ఊరొదిలి పోతాడు. జైల్లో ఉన్నవాడు ఇవేవీ చేయలేడు. ఎక్కడ పడుకోవాలో, ఎవరి పక్కన పడుకోవాలో కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. తనను తాను కాపాడుకునే దారులన్నీ మూసేసిన ప్రభుత్వమే అతన్ని కాపాడాలి. మన అమ్మానాన్నలు ఐదో తరగతిలో ట్రంకుపెట్టెతో మనల్ని హాస్టల్లో దించి వెళ్ళినప్పుడు, రాత్రి మనకేమైనా అయితే ఎవరిని అడుగుతారు? వార్డెన్ సార్‌నే కదా. పెద్ద పిల్లలు కొడితే "వాళ్ళూ వాళ్ళూ చూసుకున్నారు, నాకేం సంబంధం" అని ఆయన అనడానికి వీల్లేదు. (హాస్టల్‌కూ జైలుకూ పోలిక పెట్టాననుకోకండి. ఆ జోకు మనం సాంబారు మీద చాలాసార్లు వేసుకున్నదే.)

ఇదే మాట సుప్రీంకోర్టు చేత చెప్పించిన కేసు ఎక్కడో ఢిల్లీది కాదు, మన కోయిలకుంట్లది. మా ఊరికి దగ్గరే అయినా ఎమ్మే చదివేదాకా నాకు తెలియదు. అవుకు పోలీసుస్టేషన్ కేసులో చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కొడుకు రామకృష్ణారెడ్డి 1977 ఏప్రిల్‌లో అరెస్టయి కోయిలకుంట్ల సబ్‌జైలులో రిమాండ్‌లో ఉన్నారు. ప్రత్యర్థుల నుంచి తమకు ప్రాణభయం ఉందని, కాపలా పెంచమని ముందే మొరపెట్టుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. 1977 మే 5 రాత్రి గడిచి 6 తెల్లవారుజామున కొందరు జైలు ఆవరణలో జొరబడి వాళ్ళున్న గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బయటపడ్డాడు.

కుటుంబం పది లక్షల రూపాయల నష్టపరిహారం కోరుతూ ప్రభుత్వం మీద దావా వేసింది. ప్రభుత్వం ఏమన్నదో తెలుసా? జైలు నడపడం, నేరస్తుల్ని బంధించడం రాజ్యం చేసే సార్వభౌమ కార్యం, అందులో పొరపాటు జరిగినా రాజ్యాన్ని దావాలోకి లాగడానికి వీల్లేదు అన్నది. రాజు తప్పు చేయడు అనే ఇంగ్లీషు దొరల కాలం నాటి సూత్రం అది. కింది కోర్టు దావాను కొట్టేసింది. హైకోర్టు ఒప్పుకోలేదు. ప్రాణానికి, స్వేచ్ఛకు 21వ అధికరణం ఇచ్చిన రక్షణ ముందు ఆ పాత సూత్రం నిలవదని చెప్పి 1,44,000 రూపాయలు, దాని మీద ఆరు శాతం వడ్డీ ఇవ్వమన్నది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా హైకోర్టు మాటే ఖాయం చేసింది. శిక్ష పడినవాడైనా, విచారణలో ఉన్నవాడైనా, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాడైనా ఖైదీ మనిషి కాకుండా పోడు, బతికే హక్కు అతనితోనే ఉంటుంది అని స్పష్టంగా చెప్పింది.

ఇందులో నేను రెండు సంగతులు గమనించాను. బాంబులు వేసింది పోలీసులు కాదు, బయటివాళ్ళు. అయినా బాధ్యత ప్రభుత్వానిదే అయింది. అంటే ఖైదీని కొట్టకుండా ఉండటంతో జైలు పని తీరిపోదు, ఎవరూ కొట్టకుండా చూడాలి. మా చిన్నాయనను కొట్టింది తోటి ఖైదీలే కదా అనేవాళ్ళకు ఇదే సమాధానం. రెండో సంగతి, 1977లో జరిగినదానికి ఆఖరి మాట 2000లో వచ్చింది. 23 ఏళ్ళు. నా వయసంత. అది పలుకుబడి ఉన్న కుటుంబం కాబట్టి 23 ఏళ్ళు కోర్టుల చుట్టూ తిరగగలిగింది. ఆ రామకృష్ణారెడ్డి గారే తర్వాత ఎమ్మెల్యే కూడా అయ్యారు. మా చిన్నమ్మ అయితే రెండో వాయిదాకే బస్సు చార్జీ లేక ఆగిపోయేది.

అంతకు ముందు 1974లో కూడా మన రాష్ట్రం నుంచే ఒక కేసు వెళ్ళింది. విశాఖపట్నం సెంట్రల్ జైలులో ఉన్న నక్సలైట్ ఖైదీలు గోడ మీద కరెంటు తీగ పెట్టడాన్ని ప్రశ్నించారు. వాళ్ళ పిటిషన్ నెగ్గలేదు. కానీ శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ ఊడిపోవు అని సుప్రీంకోర్టు ఆ కేసులోనే అన్నది. ఓడిపోయిన కేసు నుంచి కూడా మిగిలేది ఉంటుందన్నమాట.

ఇప్పుడు ఉత్తరాల సంగతి. మనవాళ్ళకు ఇది బాగా నచ్చుతుంది, ఎందుకంటే అర్జీలు రాయడంలో మన హాస్టల్‌ను మించినవాళ్ళు లేరు. తీహార్ జైలులో ఉరిశిక్ష పడిన సునీల్ బాత్రా అనే ఖైదీ సుప్రీంకోర్టు జడ్జికి ఒక ఉత్తరం రాశాడు. తన గురించి కాదు. పక్క ఖైదీని ఒక వార్డర్ డబ్బు కోసం చిత్రహింస పెట్టాడని, ములాఖత్‌కు వచ్చే బంధువుల దగ్గర పిండడానికే అలా చేశాడని రాశాడు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1979 డిసెంబరులో తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. ఆయన 1948లో తానే ఒక నెల జైలులో ఉండి వచ్చిన మనిషి. ఖైదీలు ఫిర్యాదులు వేయడానికి పెట్టెలు ఉండాలి, వాటిని జైలువాళ్ళు కాకుండా జిల్లా మేజిస్ట్రేట్, సెషన్స్ జడ్జి ఆధ్వర్యంలో తెరవాలి, వాళ్ళు జైళ్ళకు స్వయంగా వెళ్ళి ఖైదీలతో మాట్లాడాలి అని ఆ తీర్పు చెప్పింది. మా చిన్నాయన కేసులో వార్డర్ బదులు పాత ఖైదీలు, ఉత్తరం బదులు నిశ్శబ్దం. మిగతా కథంతా అదే.

ఒరిస్సాలో నీలాబతి బెహరా అనే తల్లి రాసిన ఉత్తరం ఇంకొకటి. దొంగతనం కేసు విచారణలో ఆమె కొడుకును 1987 డిసెంబరు 1న పోలీసులు పట్టుకెళ్ళారు. మర్నాడు రైలు పట్టాల మీద శవమై కనిపించాడు. పారిపోతూ రైలు కింద పడ్డాడన్నారు పోలీసులు. తల్లి నమ్మలేదు, సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. 1993లో కోర్టు ఆమెకు లక్షా యాభై వేలు ఇప్పించింది. సివిల్ దావా వేసి ఏళ్ళ తరబడి తిరగనక్కర లేకుండా, ప్రాథమిక హక్కు పోయినందుకు నేరుగా రాజ్యమే పరిహారం కట్టాలన్న దారి ఆ తీర్పుతో గట్టిపడింది. 2013లో రిటైరైన ప్రధాన న్యాయమూర్తి లహోటీ గారు కూడా ఉత్తరమే రాశారు, జైళ్ళలో అసహజ మరణాల గురించి, కిక్కిరిసిన బ్యారక్‌ల గురించి, సిబ్బంది కొరత గురించి. దాని మీదే 2017లో తీర్పు వచ్చింది. 2012 నుంచి 2015 దాకా జైళ్ళలో అసహజంగా చనిపోయినవాళ్ళ కుటుంబాలను గుర్తించి పరిహారం సంగతి చూడమని అన్ని హైకోర్టులకూ సుప్రీంకోర్టు చెప్పింది.

2022లో దేశంలోని జైళ్ళలో 1,995 మంది చనిపోయారు. అందులో 159 అసహజ మరణాలు, వాటిలో 119 ఆత్మహత్యలు. మిగిలినవాటిలో చాలా భాగం 'సహజ మరణం' ఖాతాలో పడ్డాయి. టీబీ ముదిరినా మందు అందకపోతే అది ఎంతవరకు సహజం అనేది ఆలోచించాల్సిన విషయం.

చంపినవాడు చస్తే పోయిందేముంది అంటారు కొందరు. పరిటాల రవి హత్య కేసులో ప్రధాన నిందితుడు మొద్దు శ్రీను 2008 నవంబరులో అనంతపురం జైలులో తోటి ఖైదీ చేతిలో హతమయ్యాడు. ఆ రోజు మా పల్లెల్లో కూడా 'పీడ పోయింది' అన్నవాళ్ళు ఉన్నారని మా నాయన చెప్తాడు. కానీ విచారణలో ఉన్న నిందితుడు చస్తే అతని వెనక ఎవరున్నారో చెప్పే నోరు కూడా పోతుంది. నష్టపోయిన కుటుంబానికి కోర్టులో నిజం వినే అవకాశం పోతుంది. ఖైదీ భద్రత ఖైదీ కోసమే అనుకోవడం పొరపాటు.

చట్టంలో ఏముందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1894 నాటి జైళ్ళ చట్టమే, అంటే బ్రిటిష్‌వాడు చేసినదే, కొన్ని మంచి మాటలు చెప్పింది. ఖైదీ లోపలికి రాగానే వైద్యాధికారి ఆధ్వర్యంలో పరీక్షించి, ఒంటి మీద ఉన్న గాయాలు, మచ్చలు పుస్తకంలో రాయాలి. నేరం రుజువు కానివాళ్ళను శిక్ష పడినవాళ్ళతో కలపకూడదు. ఈ రెండే సరిగ్గా జరిగి ఉంటే మా చిన్నాయన కథ వేరుగా ఉండేది. లోపలికి పోయేటప్పుడు గాయం లేదని పుస్తకంలో ఉండి, వచ్చేటప్పుడు చెవి పగిలి ఉంటే, ఇక వేరే సాక్షి ఎందుకు? ఆ పుస్తకమే సాక్షి. "పేరు రాసుకున్న్యారు, కులం రాసుకున్న్యారు. సొక్కా ఇప్పి సూసినోడు లేడు" అన్నాడు చిన్నాయన.

ఆ కులం రాసుకోవడం గురించి కూడా చెప్పాలి. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచడం, కులాన్ని బట్టి బ్యారక్ ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడి ఉండకూడదన్నది. ఊడ్చే పని ఫలానా కులానికి అని కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్ళలో అప్పటిదాకా అచ్చులోనే ఉండేది! స్వాతంత్ర్యం వచ్చి 77 ఏళ్ళు గడిచాక. కోర్టు పుస్తకంలోంచి గడి కొట్టేయగలదు. చీపురు చేతికిచ్చేవాడి నోట్లోంచి 'నీదే కులం' అన్న ప్రశ్నను కొట్టేయడానికి ఎవరో ఒకరు ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు చేసినవాడు మళ్ళీ అదే గదిలోకి పోకూడదు. తిరిగి తిరిగి అక్కడికే వస్తున్నాను.

వీడియో హాజరు విషయంలో నా అభిప్రాయం కొంతమందికి నచ్చకపోవచ్చు. జైలు కస్టడీ పొడిగించేటప్పుడు వీడియోలో హాజరుపరిస్తే చాలునని 2024 జూలై నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత కూడా అంటోంది. ఖర్చు తగ్గుతుంది, ఎస్కార్ట్ పోలీసుల కొరత తీరుతుంది, నిజమే. కానీ తెర ముందు ఖైదీ నిలబడినప్పుడు పక్కన ఎవరున్నారో జడ్జికి కనిపించదు. వీపు కనిపించదు, కుంటుతూ నడవడం కనిపించదు. 'కొట్టారా' అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి జైలు గది తగిన చోటు కానే కాదు. రిమాండ్‌లో కనీసం ఒక్కసారైనా మనిషిని మనిషిగా కోర్టుకు తీసుకురావాలి, సిబ్బందిని బయటికి పంపి జడ్జి ఒంటరిగా అడగాలి. కొట్టారని చెప్పినవాణ్ణి ఆ రోజు నుంచే వేరే జైలుకో కనీసం వేరే బ్యారక్‌కో మార్చమని అదే కాగితం మీద ఆదేశం రాయాలి. అప్పుడే మా చిన్నాయన ప్రశ్నకు జవాబు దొరికినట్టు.

మన పూర్వ విద్యార్థుల్లో జైలు వార్డర్లుగా పనిచేస్తున్న అన్నలు ఉన్నారు. వాళ్ళను నిందించడానికి ఇది రాయలేదు. అందులో ఒక అన్నను అడిగితే, "రాత్రి లోపల గొడవైతే కటకటాల బయటినుంచి కేకలేయడం తప్ప ఒక్కణ్ణి నేనేం చేస్తానురా, ఇంకో నలుగురు వచ్చేదాకా తాళం తీయడానికి లేదు" అన్నాడు. అది అబద్ధం కాదు. కానీ పోస్టులు నింపకపోవడం ఖైదీ తప్పు కాదు కదా.

ఇక మనం చేయగలిగినది. బొజ్జా తారకం గారు రాసిన 'పోలీసులు అరెస్టు చేస్తే' పుస్తకం ప్రతి హాస్టల్ లైబ్రరీలో ఉండాలి, ఉంటే బీరువాకు తాళం వేయకూడదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ ఎస్టీలకు, ఆడవాళ్ళకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. నేను ఆనాడు ఈ సంగతి తెలియక వకీలు ఫీజుకు మా అమ్మ కమ్మలు కుదువపెట్టించాను. అవి ఇంకా విడిపించలేదు. ఆ సంస్థ ఫోన్ నంబర్ 15100. మెనూ చార్టు పక్కన ఈ నంబర్ కూడా పెద్ద అక్షరాలతో రాయించమని కోరుతున్నాను, ఎందుకంటే మెనూ అయితే మనందరం రోజూ చదువుతాం. లా చదువుతున్న తమ్ముళ్ళు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్లుగా చేరితే జైళ్ళలోకి వెళ్ళి మాట్లాడే అవకాశం ఉంటుంది. వెళ్ళినప్పుడు ఖైదీని మొదట చొక్కా విప్పమనండి.

చిన్నాయన తరఫున నేను జిల్లా జడ్జిగారికి ఒక అర్జీ రాసి పెట్టాను. తేదీలు, ములాఖత్‌కు ఇచ్చిన డబ్బులు, చెవి డాక్టరు చీటీ అన్నీ జతచేశాను. గట్టు కేసు ఇంకా నడుస్తోంది, ఇప్పుడు ఇది కూడా ఎందుకని ఆయన సంతకం పెట్టలేదు. మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఆ కాగితం ఏమైందని అడిగాను. పారేయలేదట. పాసుపుస్తకం మధ్యలో మడిచి దాచుకున్నాడని చిన్నమ్మ చెప్పింది.